టెస్ట్ సిస్టమ్ లేచింది కదా అని ప్రొడక్షన్‌లో వేసేయకండి

"జెడ్/ఓఎస్ మెయింటెనెన్స్‌ను ప్రొడక్షన్‌లో వేసే ముందు ఎన్ని రోజులు టెస్ట్ చేస్తే సరిపోతుంది?" అని అడిగారు. జెడ్/ఓఎస్ అంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల (బ్యాంకుల్లాంటి చోట్ల నడిచే పెద్ద కంప్యూటర్ల) ఆపరేటింగ్ సిస్టమ్, మెయింటెనెన్స్ అంటే దానికి వచ్చే సవరణలు, ప్రొడక్షన్ అంటే అసలు పని నడిచే సిస్టమ్. పదహారేళ్ళుగా నాది ఇదే పని, ఇప్పుడు హన్మకొండలో ఇంటి నుంచే చేస్తున్నాను. నా దృష్టిలో రోజుల లెక్క తర్వాతి మాట. నెలల తరబడి టెస్ట్ చేసినా అసలైనది టెస్ట్ కాకుండా మిగిలిపోవచ్చు. ఒక సద్దుల బతుకమ్మ రోజు దాకా మా పరిస్థితి అదే.

ఆ రోజు ఆదివారం. మా క్లయింట్ అమెరికాలో ఒక బ్యాంకు. అక్కడ అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు పని మొదలైతే మనకు పొద్దున పదిన్నర. నడింట్లో గునుగు పువ్వు, తంగేడు కుప్పలు పోసి ఉన్నాయి. అమ్మ, నా భార్య గునుగుకు రంగులద్ది కట్టలు కడుతున్నారు. నేను పక్క గదిలో కాల్ మీద ఉన్నాను. దాదాపు మూడు వందల పీటీఎఫ్‌లు (ఐబీఎం ఇచ్చే సవరణలు) వేసిన కొత్త సిస్‌రెస్ (సిస్టమ్ లేవడానికి వాడే డిస్క్) అది. టెస్ట్ ఎల్‌పార్‌లో (మెషీన్‌లో విడి సిస్టమ్‌గా నడిచే భాగంలో) ఆరు వారాలు నడిపాం, ఒక్క అబెండ్ (ప్రోగ్రామ్ మధ్యలో కూలిపోవడం) రాలేదు. పదకొండున్నరకు ప్రొడక్షన్ ఐపీఎల్ చేశాం, అంటే రీబూట్ అన్నమాట. జాబులు నడిపే జెస్2 వచ్చింది. టీఎస్ఓలోకి లాగిన్ అయ్యాం. డేటాబేస్ డీబీ2 లేచింది. కాల్‌లో ఒకరినొకరు మెచ్చుకోవడం కూడా అయిపోయింది.

బ్యాంకు ఆన్‌లైన్ లావాదేవీలు నడిపే సీఐసీఎస్ రీజియన్లు మాత్రం లేవలేదు.

ఎర్రర్ మెసేజ్ వస్తే దాన్ని పట్టుకుని వెతకొచ్చు. ఇక్కడ కన్సోల్ మీద అలాంటిదేమీ లేదు. డిస్‌ప్లే కమాండ్ కొడితే ఉండాల్సిన టాస్కుల్లో సగం కనబడలేదు. వాళ్ళ పొద్దున ఆరింటికల్లా, అంటే మనకు మూడున్నరకు, ఆన్‌లైన్ లేవాలి. పాత సిస్‌రెస్‌తో మళ్ళీ ఐపీఎల్ చేద్దామని కాల్‌లో ఒకాయన, కారణం తెలియకుండా వెనక్కి వెళ్తే వచ్చే వారం మళ్ళీ ఇదే కదా అని నేను. ఒంటిగంటకు అమ్మ తలుపు తీసి, "పొద్దుగాల్నుంచి మంచినీళ్ళు సుత తాగకపోతివి, ఏమైంది బిడ్డా?" అంది. చెయ్యి ఊపి పంపించేశాను. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కారణం దొరికేసరికి రెండైంది. ఒక ప్రొడక్ట్ "నేను రెడీ" అని మెసేజ్ ఇస్తే, దాన్ని చూసి మా ఆటోమేషన్ సీఐసీఎస్‌ను లేపుతుంది. మేం వేసిన పీటీఎఫ్‌లలో ఒకటి ఆ మెసేజ్‌లో మాటలు మార్చింది. ఆటోమేషన్‌లోని రూల్ పాత మాటల కోసమే చూస్తూ కూర్చుంది. ఇక రీజియన్లను చేత్తో లేపడం మొదలుపెట్టాం. ఏది ఎలా లేపాలో రాసుకున్న రన్‌బుక్ ఎప్పటిదో, తర్వాత చేరిన రెండు రీజియన్లు అందులో లేనే లేవు. మూడూ పదికి అన్నీ పైకొచ్చాయి. మిగిలింది ఇరవై నిమిషాలు.

మరి ఆరు వారాల టెస్టులో ఇది ఎందుకు దొరకలేదు? టెస్ట్ ఎల్‌పార్‌లో ఆటోమేషన్‌ను ఎవరో ఎప్పుడో ఆపేశారు. ప్రతి ఐపీఎల్ తర్వాత మా టీమ్ తమ్ముడొకడు సీఐసీఎస్‌ను చేత్తో లేపేవాడు. "అది మామూలే అన్నా" అన్నాడు అడిగితే. అతని తప్పు కాదు, మేమెవరం ఎప్పుడూ అడగలేదు.

ఇంకో సంగతి ఉంది, అది నా తప్పే. ఆ మెసేజ్ మారుతుందని డాక్ హోల్డ్‌లో (వేసే ముందు చదవమని పీటీఎఫ్‌కు పెట్టే గమనిక, సిస్టమ్ హోల్డుల్లో ఒకటి) రాసే ఉంది, రెండు లైన్లు. నిజంగా వేయకుండా సరిచూసుకునే అప్లై చెక్ రిపోర్టులోనే కనబడుతుంది. సిస్టమ్ హోల్డులను బైపాస్ చేయకపోతే అప్లై ముందుకు సాగదు, అందుకని అందరం బైపాస్ పెడతాం. కానీ దాన్ని చదివాకే పెట్టాలి. ఆ జాబ్‌ను రివ్యూ చేసి సరేనన్నది నేనే. ఇప్పుడు ప్రతి హోల్డ్ నేనే కూర్చుని చదువుతాను, రెండు రోజులు పట్టినా సరే. పీటీఎఫ్‌లోనే లోపం ఉందని చెప్పే ఎర్రర్ హోల్డ్ సంగతి వేరు, దాన్ని బైపాస్ చేసే ఆలోచనే పెట్టుకోవద్దు.

"ఆర్ఎస్‌యూ (ఐబీఎం సిఫారసు చేసే పీటీఎఫ్‌ల కట్ట) లెవెల్ వేస్తున్నాం, ఐబీఎం వాళ్ళు అన్నీ కలిపి టెస్ట్ చేశారు కదా" అంటారు చాలామంది. నిజమే, జెడ్/ఓఎస్, సీఐసీఎస్, డీబీ2 అన్నీ కలిపి వాళ్ళు పరీక్షిస్తారు, మంచి పని. కానీ మీ ఎగ్జిట్లు, మీ యూజర్‌మాడ్లు (సిస్టమ్‌కు మీరు సొంతంగా రాసుకున్న కోడ్, మార్పులు), మీ ఆటోమేషన్ రూళ్ళు వాళ్ళ దగ్గర ఉండవు. మా నాన్న మిర్చి రైతు. ఎనుమాముల మార్కెట్‌లో బస్తా పైన ఉన్న కాయ చూసి ఏ వ్యాపారీ ధర కట్టడు, చెయ్యి లోపలికి పెట్టి తీస్తాడు. ఐపీఎల్ అయింది, లాగిన్ అయింది అంటే పైకాయ చూసినట్టే.

పిల్లలకు ఇవన్నీ నేర్పేవాళ్ళు లేరు. కోచింగ్ సెంటర్లలో కోబాల్, జేసీఎల్ నేర్పి పంపేస్తున్నారు, ఈ పీటీఎఫ్‌లు వేసే ఎస్ఎంపీ/ఈ పేరు కూడా చెప్పరు. నైంనగర్‌లో మా చుట్టాల అబ్బాయికి "మెయిన్‌ఫ్రేమ్ పనైపోయింది, వద్దు" అని చెప్పారట. కానీ జెడ్/ఓఎస్ కొత్త వెర్షన్లు 2021లో 2.5, 2023లో 3.1, 2025లో 3.2 వచ్చాయి. వీటిని టెస్ట్ చేసి ఎక్కించే మనుషులే దొరకడం లేదు. నా తర్వాత మా టీమ్‌లో ఎవరు చేస్తారా అని నాకు నిజంగానే టెన్షన్.

మీరు రోజులు అడిగారు కాబట్టి అదీ చెప్తాను. కనీసం ఒక నెలాఖరు బ్యాచ్ టెస్ట్‌లో పూర్తిగా నడవాలి. ప్రొడక్షన్‌లో అయితే ఒక్కో ఎల్‌పార్‌కు వారం ఎడం ఇవ్వండి, పాత సిస్‌రెస్‌ను ఇంకో నెలాఖరు దాటేదాకా ముట్టుకోవద్దు. పీటీఎఫ్‌లను తొందరపడి యాక్సెప్ట్ (శాశ్వతం) చేయకండి, చేశాక రిస్టోర్‌తో వెనక్కి తీయలేరు. వేసే ముందు రోజు కొత్త హోల్డ్‌డేటా (హోల్డుల తాజా సమాచారం) తెచ్చుకుని, లోపం బయటపడ్డ పీటీఎఫ్‌లను చూపే ఎర్‌సిస్‌మాడ్స్ రిపోర్ట్ చూడండి. మీరు టెస్ట్ మొదలుపెట్టిన రోజు బాగున్న పీటీఎఫ్ ఈలోగా పీఈ (లోపం ఉన్న పీటీఎఫ్) అయి ఉండొచ్చు.

పండగ అయిన పది రోజులకు టెస్ట్ ఎల్‌పార్‌లో ఆటోమేషన్ ఆన్ చేయించి, ఎవరూ కీబోర్డు ముట్టుకోవద్దని చెప్పి ఐపీఎల్ చేశాం. మూడు చోట్ల ఆగింది. అందులో ఒకటి, మేం ఎప్పుడో తీసేసిన టాస్క్ కోసం ఎదురుచూస్తున్న రూల్. ప్రొడక్షన్‌లోనూ అదే రూల్ ఉంది.

మీ టెస్ట్ ఎల్‌పార్‌లో ఐపీఎల్ తర్వాత సీఐసీఎస్‌ను ఎవరు లేపుతున్నారో రేపు ఆఫీసుకు వెళ్ళగానే కనుక్కుని, కింద రాయండి.