ఆస్టియోపతీ ఏ నొప్పికి, ఎంతవరకు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మెడనొప్పి, నడుము నొప్పి, మోకాళ్ల నొప్పులకు ఆస్టియోపతీ చేయించుకోవచ్చా అని తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులు అడిగిన ప్రశ్నలలో కొన్నింటిని ఎంచి, వాటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: తిరుమలలో తలనీలాలు తీసే వృత్తిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. ఎదుట కూర్చున్న భక్తుల తలల మీదికి గంటల తరబడి మెడ వంచి పనిచేయడం వల్ల మెడ, కుడి భుజం, వీపు పైభాగం పట్టేసి, డ్యూటీ దిగేసరికి చెయ్యి పైకెత్తలేకపోతున్నాను. మాత్ర వేసుకుంటే ఆ పూటకే ఉపశమనం. ఈ మధ్య రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఆస్టియోపతీ చేయించుకోమని తెలిసినవారు అంటున్నారు. అది మసాజా, ఫిజియోథెరపీయా, మరొకటా? నాకు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మెడ, భుజాల పట్టుకు పనికొస్తుంది. వేళ్ల తిమ్మిరికి మాత్రం ముందుగా కారణం తేల్చుకోవాలి. ఈ రెండింటినీ కలిపి చూడకండి.

ఆస్టియోపతీ అంటే మందులు, శస్త్రచికిత్స లేకుండా, కండరాలను, కీళ్లను, వాటిని చుట్టి ఉండే పొరలను చేతులతోనే పరీక్షించి, చేతులతోనే సడలించే చికిత్సా పద్ధతి. అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు 1874లో దీనిని ప్రతిపాదించి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో తొలి కళాశాలను ప్రారంభించారు. 1864లో మెదడు పొరల వాపు జబ్బుతో ముగ్గురు పిల్లలు కళ్లముందే చనిపోయినప్పుడు నాటి మందులేవీ వారిని కాపాడలేకపోవడంతో ఆయన వేరే దారి వెతికారు. ఎముకల అమరికలోని లోపాలే రోగాలన్నింటికీ మూలమని ఆయన నమ్మినది నేటి శాస్త్రం ముందు నిలవదు. శరీరమంతా ఒకదానితో ఒకటి ముడిపడి ఉందని, ఒకచోట కదలిక బిగిసిపోతే ఆ భారం మరోచోట పడుతుందని ఆయన చెప్పినది మాత్రం కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు కుంటితే రెండోదాని మెడ మీద బరువు పడడం చూసిన మన రైతులకు వివరించనక్కరలేదు.

మీ విషయంలో జరుగుతున్నది సరిగ్గా అదే. మంచి చికిత్సకుడు మొదటిరోజు వెంటనే మెడ మీద చెయ్యి వేయడు. మీ పని ఎలా ఉంటుందో, ఎటు తిరిగి పడుకుంటారో, పాత దెబ్బలేమైనా ఉన్నాయో అడిగి, చొక్కా తీయించి వెనక నుంచి చూస్తాడు. ఏ భుజం ఎత్తుగా ఉంది, ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకలు రెండువైపులా సమంగా విచ్చుకుంటున్నాయా, తల తిప్పమంటే మెడ తిరుగుతోందా లేక ఒళ్లంతా తిరుగుతోందా అన్నది గమనిస్తాడు. ఏళ్ల తరబడి వంగి పనిచేసేవారిలో మెడకూ నడుముకూ మధ్యనున్న వెన్ను వంగినది వంగినట్లే బిగిసిపోతుంది. అక్కడ కదలిక లేకపోతే, అయిదు కిలోల దాకా బరువుండే తలను ఎత్తడం, తిప్పడం, ముందుకు వంచి పట్టుకోవడం మెడ కింది భాగంలోని కీళ్లు, కండరాలే చేయవలసి వస్తుంది. అందువల్ల నొప్పి మెడలో ఉన్నా, చికిత్సలో సగం వీపుకూ పక్కటెముకలకూ జరగడం చూసి మీరు ఆశ్చర్యపోవద్దు.

చికిత్సలో ఒక పద్ధతిని వివరిస్తాను. మీరు బల్ల మీద వెల్లకిలా పడుకుంటే, ఆయన మీ తలను అరచేతుల్లోకి తీసుకుని, మెడ హాయిగా ఎంతవరకు తిరుగుతుందో అంతవరకే తిప్పి ఆపుతాడు. అక్కడ మీరు తలతో ఆయన చేతిని అయిదారు సెకన్లు మెల్లగా నెడతారు, ఆయన కదలనివ్వడు. తర్వాత నెట్టడం ఆపి ఊపిరి వదిలితే, బిగిసిన కండరం కొంత సడలి, మెడ ఇంకొంచెం దూరం తిరుగుతుంది. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తారు. ఇందులో ఏ ఎముకా తన చోటికి తిరిగి రాదు, అసలు చోటు తప్పలేదు కనుక. ఆ స్పర్శ, ఆ కదలిక నరాల ద్వారా వెన్నుపాముకూ మెదడుకూ చేరి నొప్పి తీవ్రతను కొంతకాలం తగ్గిస్తాయి, కండరాల బిగువు దిగుతుంది. ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులుగా ఉండడం మామూలే.

మసాజ్‌లో కండరాలను మర్దించడమే ప్రధానం. ఆస్టియోపతీలో కీళ్ల కదలికను పరీక్షించి సరిచేయడం కూడా ఉంటుంది. ఫిజియోథెరపీలో వ్యాయామానికి పెద్దపీట వేస్తారు, అయితే చేతులతో చేసే పద్ధతులు చాలావరకు రెండింటిలోనూ ఒకటే.

ఫలితాల గురించి ఉన్నదున్నట్లు చెప్పాలి. ఎక్కువ పరిశోధన జరిగినది నడుము నొప్పి మీద. చికిత్సల మంచిచెడ్డలు తేల్చే బ్రిటన్ సంస్థ నైస్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు చేతి చికిత్సను అంగీకరించాయి, కానీ వ్యాయామంతో కలిపి చేసినప్పుడు మాత్రమే. దీర్ఘకాలిక నడుము నొప్పికి పనికివచ్చే చికిత్సలలో వెన్నుకు చేసే చేతి చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చేర్చింది. మరోవైపు, 2021లో ప్రచురితమైన ఒక ఫ్రాన్స్ అధ్యయనంలో, 400 మంది రోగులకు కొందరికి అసలు చికిత్స, కొందరికి ఉత్తుత్తి చికిత్స చేసి పోల్చినప్పుడు, రోజువారీ పనులు చేసుకోవడంలో తేడా చాలా స్వల్పంగానే కనిపించింది. దీనినిబట్టి నా అభిప్రాయం ఇది: బల్ల మీద దొరికే ఉపశమనం కొద్ది రోజులదే, కానీ ఆ కొద్ది రోజులు విలువైనవి. నొప్పి వల్ల ఇన్నాళ్లూ చేయలేకపోయిన కదలికలను, వ్యాయామాలను ఆ రోజుల్లో మొదలుపెట్టినవారికి లాభం నిలుస్తుంది. మొదలుపెట్టనివారు మళ్లీ మళ్లీ బల్ల ఎక్కుతూనే ఉంటారు.

కనుక ఇవి చేయండి. భక్తుని తలకు అటుపక్క పని ఉన్నప్పుడు మీరు వంగి చూడడం మాని, ఆయననే తల తిప్పమనండి. ఒకరు లేచి మరొకరు కూర్చునే మధ్యలో భుజాలను వెనక్కి తీసి, గడ్డాన్ని కాస్త లోపలికి లాగి, రెండుసార్లు నిండుగా ఊపిరి పీల్చండి. ఇంటికి వచ్చాక తువ్వాలును చుట్టగా చుట్టి, వీపు పైభాగం కింద అడ్డంగా పెట్టుకుని, చేతులు చాచి అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకోండి.

ఇక తిమ్మిరి సంగతి. బొటనవేలు, చూపుడువేలు రాత్రిపూట తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నదని అనుమానించాలి. రోజంతా కత్తి పట్టే చేతికి ఇది రావడానికి అవకాశం ఎక్కువ. మెడ వంచినప్పుడు భుజం నుంచి వేళ్ల దాకా జివ్వుమని లాగుతుంటే మూలం మెడలో ఉండవచ్చు. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలో మణికట్టు నరం మరింత త్వరగా ఇబ్బంది పెడుతుంది కనుక, ఆ రెండు రక్తపరీక్షలు తప్పక చేయించండి. చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లోని కండ తరిగిపోతున్నా ఆలస్యం చేయకుండా నరాల వైద్యుని కలవాలి. ఆ దశలో చేతి చికిత్సతో కాలయాపన చేస్తే నరానికి శాశ్వత నష్టం జరుగుతుంది.

ప్రశ్న: నా వయసు 54. మోకాళ్లు అరిగాయని ఎక్స్‌రే చూసి చెప్పారు. వచ్చే ఏడాది అలిపిరి నుంచి నడిచి కొండెక్కే మొక్కు ఉంది. ఆస్టియోపతీ చేయించుకుంటే మెట్లు ఎక్కగలనా?
– ఒక ఉపాధ్యాయురాలు, చిత్తూరు

జవాబు: ఎక్కగలిగే అవకాశం ఉంది, అయితే అందులో ఆస్టియోపతీ వాటా చిన్నది. అరిగిన మృదులాస్థిని ఏ చెయ్యీ తిరిగి పెంచలేదు. తుంటి, చీలమండ, నడుము బిగిసిపోయి ఉంటే వాటిని సడలించి మోకాలి మీది భారాన్ని కొంత తగ్గించడం దీనివల్ల జరుగుతుంది. మోకాళ్ల అరుగుదలలో వ్యాయామం, అవసరమైతే బరువు తగ్గడం ముందుంటాయి. చేతి చికిత్స వాటికి తోడుగానే ఉండాలి.

మీకు ఏడాది సమయం ఉండడం మంచిదైంది. కుర్చీలో కూర్చుని ఒక కాలిని చాచి, తొడ ముందుభాగం గట్టిపడేలా పది లెక్కపెట్టి దించండి. రెండు కాళ్లకూ పదేసి సార్లు, రోజుకు రెండు పూటలు చేయండి. అది తేలికయ్యాక, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం అలవాటు చేసుకోండి. ఆ తర్వాతనే ఇంటి మెట్లు. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లున్నాయి. వాటిలో కష్టమైనవి మొదట గాలిగోపురం దాకా ఉన్న ఎక్కుడు, చివర మోకాళ్ల పర్వతం. మధ్యలో చాలాదూరం సమతలంగా ఉంటుంది కనుక, గాలిగోపురం దగ్గర బాగా సేదతీరి బయలుదేరండి. మోకాళ్ల పర్వతాన్ని మోకాళ్లతో ఎక్కే ఆచారాన్ని మీరు మాత్రం మానుకోవాలని నా మనవి. దిగేటప్పుడు మోకాలి మీద పడే ఒత్తిడి ఎక్కువ, అందుచేత తిరుగు ప్రయాణం బస్సులోనే చేయండి. మోకాలు వాచి వేడిగా ఉన్నా, నడుస్తుండగా హఠాత్తుగా పట్టేసి చాచలేకపోతున్నా, కొండకు ముందు ఎముకల వైద్యునికి చూపించుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి బైకు మీద నుంచి పడి మణికట్టు విరిగితే పుత్తూరు కట్టు కట్టించాము. కట్టు విప్పాక చెయ్యి పూర్తిగా వంగడం లేదు. పుత్తూరు వైద్యమూ ఆస్టియోపతీ కూడా చేతివైద్యాలే కదా, ఆస్టియోపతీతో సరిపోతుందా?
– ఒక తండ్రి, నగరి

జవాబు: ఆకుపసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలతో కట్టే పుత్తూరు కట్టు విరిగిన ఎముకను కదలకుండా ఉంచడానికి. ఆస్టియోపతీ విరిగిన ఎముకకు చేసేది కాదు. విరిగినచోట అలాంటి చికిత్స చేయడం ప్రమాదం కూడా. స్టిల్ తన తొలినాళ్లలో ఎముకలు సరిచేసేవాడినని ప్రచారం చేసుకున్న మాట వాస్తవమే గాని, నేటి ఆస్టియోపతీకి విరిగిన ఎముకలతో పని లేదు.

ముందు ఎక్స్‌రే తీయించి, ఎముక పూర్తిగా, వంకర లేకుండా అతికిందో లేదో ఎముకల వైద్యునికి చూపించండి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహించే బర్డ్ ఆస్పత్రి ఎముకల చికిత్సకే పేరొందినది. అతికిందని తేలితే, వారాల తరబడి కదలక బిగిసిన కీలును ఫిజియోథెరపిస్టు గాని, ఆస్టియోపతీ నేర్చిన ఫిజియోథెరపిస్టు గాని మెల్లమెల్లగా సడలిస్తారు. గోరువెచ్చని నీళ్లలో చెయ్యి ఉంచి, మణికట్టును పైకీ కిందికీ వంచడం రోజుకు నాలుగైదుసార్లు అబ్బాయే చేసుకోవాలి. ఇతర పాఠకులకు ఒక హెచ్చరిక: ఎలాంటి కట్టయినా సరే, వేళ్లు చల్లబడి, నల్లబడి, తిమ్మిరెక్కుతున్నా, నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా కట్టు వదులు చేయించి, అదే గంటలో ఆస్పత్రికి చేరండి.

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. రెండు నెలలుగా నడుము నొప్పి, పడుకున్నా తగ్గడం లేదు. సాయంత్రానికి ఒళ్లు కాగుతుంది, చిక్కిపోయింది. నరం పట్టేసిందని ఇరుగుపొరుగు అంటున్నారు. ఆస్టియోపతీకి తీసుకువెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: వద్దమ్మా. ఇప్పుడే కాదు. విశ్రాంతిలోనూ తగ్గని నొప్పి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం కలిసి కనిపిస్తే వెన్నుపూసల క్షయ గాని, మరో ఇన్‌ఫెక్షన్ గాని, కణితి గాని లేదని ముందు తేల్చుకోవాలి. ఇలాంటి వెన్నును నొక్కితే, మెలితిప్పితే పూస కుంగి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. ఈ వారంలోనే చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలో గాని, తిరుపతి రుయాలో గాని, స్విమ్స్‌లో గాని చూపించి, రక్తపరీక్షలు, వెన్ను స్కానింగ్ చేయించండి. వెన్ను క్షయను త్వరగా పట్టుకుంటే మందులతోనే చాలామందికి నయమవుతుంది. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా ఒక్క పూట కూడా ఆగకండి.

ప్రశ్న: మెడను ఒక్కసారిగా తిప్పి టక్‌మని శబ్దం వచ్చేలా చేస్తే నొప్పి పోతుందని వీడియోలలో చూస్తున్నాను. అది క్షేమమేనా? సరైన చికిత్సకుని ఎలా గుర్తించాలి?
– ఒక యువకుడు, రేణిగుంట

జవాబు: ఆ శబ్దం ఎముక చోటుకు వచ్చినందువల్ల రాదు. కీలును హఠాత్తుగా లాగినప్పుడు అందులోని ద్రవంలో వాయుబుడగ ఏర్పడడం వల్ల వస్తుంది. అది వచ్చినా రాకపోయినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. మెడను అలా విసురుగా తిప్పినప్పుడు, మెదడుకు రక్తం తీసుకువెళ్లే నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదుగా అయినా ఉన్నాయి. నెమ్మదైన పద్ధతులతోనే మెడకు మేలు జరుగుతున్నప్పుడు ఆ సాహసం అక్కరలేదని నేను గట్టిగా నమ్ముతాను. మంగలి దుకాణంలో క్షవరం అయ్యాక సరదాగా మెడ విరిపించుకునే అలవాటుకూ ఇదే వర్తిస్తుంది.

బ్రిటన్‌లో 1993 నాటి చట్టం ప్రకారం నమోదైనవారే తమను ఆస్టియోపాత్ అని చెప్పుకోవాలి. అమెరికాలో ఆ పట్టా పొందినవారు మందులు రాసే, శస్త్రచికిత్సలు చేసే పూర్తిస్థాయి వైద్యులు. మన దేశంలో పరిస్థితి అలా లేదు, వారం పదిరోజుల శిక్షణతో బోర్డు పెట్టినవారు కూడా కనిపిస్తారు. కాబట్టి ఫిజియోథెరపీ పట్టా గాని, వైద్య పట్టా గాని ఉండి, ఆ తర్వాత ఆస్టియోపతీ నేర్చినవారినే ఎంచుకోండి. చదువు ఎక్కడ, ఎన్నేళ్లు అని అడగడానికి మొహమాటపడకండి. మొదటిరోజే పది పన్నెండు సిట్టింగులకు ముందస్తు డబ్బు కట్టమనేవారిని, షుగరు, ఆస్తమా కూడా తగ్గిస్తామనేవారిని, మీరు వాడుతున్న మందులు మానేయమనేవారిని నమ్మవద్దు. మూడు నాలుగుసార్లు వెళ్లినా మెడ తిరగడంలోనూ నిద్రలోనూ మార్పు కనిపించకపోతే, చికిత్స ఆపి వైద్యునితో మళ్లీ పరీక్ష చేయించుకోండి.