సముద్రం ఎంత పెరుగుద్దో తేల్చేది ఎవరు? – మీ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: మాది రాజోలు దగ్గరండి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు వస్తే డ్రెయిన్‌లోకి ఉప్పునీరు ఎగదన్ని సార్వా (వానాకాలం పంట) చేలు చౌడు తేలిపోతున్నాయి. టీవీలో ఏమో ఐపీసీసీ రిపోర్ట్ ప్రకారం సముద్రం మీటరు పెరుగుద్దంటారు. అసలు వీళ్ళెవరండి, ఎప్పుడైనా ఇటొచ్చి కొలిచారా?

జవాబు: లేదండి, ఐపీసీసీ ఎక్కడికీ వెళ్ళి కొలవదు, అది దాని పనే కాదు. వాతావరణ మార్పుల మీద సైన్స్ ఏం చెబుతోందో దేశాలకి తేల్చి చెప్పే సంఘం అది. 1988లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం కలిసి పెట్టాయి, ఆఫీసు జెనీవాలో, 195 దేశాలు మెంబర్లు, మన దేశం కూడా. కొలిచేవాళ్ళు, లెక్కలు కట్టేవాళ్ళు వేరే సైంటిస్టులు, వాళ్ళు జర్నల్స్‌లో వేసినవన్నీ చదివి ఇందులో ఏది గట్టిగా తేలింది, ఏది ఇంకా తేలలేదు అని పాలకులకి చెప్పడం ఐపీసీసీ పని. వాళ్ళ ఆరో రిపోర్ట్‌లో 2021 ఆగస్టులో వచ్చిన ఒక్క భాగాన్నే 234 మంది రాశారు, 14,000కి పైగా పరిశోధన పేపర్లు చూశారు, డ్రాఫ్టుల మీద వచ్చిన కామెంట్లు 78,007, వాటన్నిటికీ సమాధానం రాసిపెట్టాలి. ఇంత చేసినా ఆ రచయితలకి ఐపీసీసీ జీతం ఇవ్వదు.

ఇక మీటరు సంగతి, టీవీలో సగమే చెప్పారండి, నాకు కోపం వచ్చేది కూడా ఇక్కడే. 1995-2014 నాటి మట్టంతో పోలిస్తే 2100కి, భూమిని వేడెక్కించే వాయువుల్ని బాగా తగ్గిస్తే 28 నుంచి 55 సెంటీమీటర్లు, విపరీతంగా పెంచుకుంటూ పోతే 63 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా అని ఉంది. మట్టం ఆ అంకెల మధ్య ఉండడానికి కనీసం 66 శాతం అవకాశం ఉందని వాళ్ళ లెక్క. అంటార్కిటికా మంచు అనుకున్నదానికన్నా తొందరగా కూలితే రెండు మీటర్ల దగ్గరకి పోయే అవకాశాన్ని కూడా కొట్టిపారెయ్యలేమని అందులోనే రాశారు. భయపెట్టడానికి ఒక్క నంబర్ పట్టుకుని, మనం చేసేదాన్ని బట్టి మారుద్దన్న మాట వదిలేస్తే ఎలా?

ప్రశ్న: గవర్నమెంట్లు కూర్చుని ఆ రిపోర్ట్‌లో మాటలు మార్చేస్తాయంట కదా, ఇంక అది సైన్స్ ఎలా అవుద్ది? – డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: మంచి అనుమానమే. దేశాలు లైను లైనుకీ ఒప్పుకోవాల్సింది పాలకుల కోసం రాసే చిన్న సారాంశం వరకే, వెనకున్న వేల పేజీల్ని అలా దిద్దరు. ఆ సారాంశంలో కూడా పదాలు మెత్తబడతాయి, అది నిజమే, కానీ లోపలి అధ్యాయాలకి విరుద్ధంగా ఉంటే రచయితలు ఒప్పుకోరు. నాకైతే దీనివల్ల లాభమే ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే మనుషుల వల్లే భూమి వేడెక్కింది, ఇందులో సందేహం లేదు అన్న వాక్యానికి 2021లో అన్ని దేశాలూ సరే అన్నాయి, రేపు ఏ మంత్రిగారూ ఏ అధికారీ ఇది ఎవరో చెప్పిన మాట అని తప్పించుకోడానికి లేదు.

ప్రశ్న: హిమాలయాల్లో మంచు 2035కల్లా కరిగిపోద్దని తప్పు రాశారంట?

జవాబు: రాశారు, 2007 రిపోర్ట్‌లో. సరైన ఆధారం లేని మాట లోపలికి వచ్చేసింది, 2010లో ఒప్పుకున్నారు, తర్వాత బయటి సైన్స్ అకాడమీలతో పరిశీలన చేయించి పద్ధతులు గట్టి చేశారు.

ప్రశ్న: ఇదంతా సరే, మా కోనసీమకి పనికొచ్చేది ఏముందండి అందులో?

జవాబు: మీ ఊరి పేరు ఉండదండి, ఆ సెంటీమీటర్లు ప్రపంచం మొత్తానికి సగటు. మనకి ఇంకో బాధ ఉంది, డెల్టా నేల గోదారి తెచ్చిన ఒండ్రుతో పెరిగింది, పైన డ్యాములు కట్టాక ఆ ఒండ్రు చాలావరకు అక్కడే ఆగిపోతోంది, నేలేమో తనంతట తను అణిగిపోతూ ఉంటుంది. అంటే నీళ్ళు పెరగడం, నేల దిగడం రెండూ కలిపితేనే మన అసలు లెక్క. 2006-2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది, 1901-1971 మధ్య అది 1.3 దగ్గర ఉండేది. అందుకని మొగల (నీళ్ళు సముద్రంలో కలిసే చోట్లు) దగ్గర స్లూయిజులు (ఉప్పునీటిని ఆపే షట్టర్లు), ఉప్పాడ వైపు గట్లు కట్టేటప్పుడు ఏ ఏడాది మట్టం పెట్టుకుని డిజైన్ చేశారు, నేల ఎంత దిగిందో కొలిచారా అని రాతపూర్వకంగా అడగండి, గ్రామసభలో అడగండి, సమాచార హక్కు కింద అడగండి, పాత మట్టంతో కట్టిన షట్టర్ దాళ్వాకి (రెండో పంటకి) కూడా ఉప్పునీటిని ఆపలేకపోవచ్చు.