జడ తప్పిన స్వెటర్ విప్పబోయే ముందు

హైదరాబాద్

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. స్వెటర్ మీద మూడో జడ, అంటే కుట్లు ఒకదాని మీదుగా ఒకటి దాటించి అల్లిన మెలిక, ఒక్కచోట ఎదురు తిరిగింది, మిగతా అల్లికంతా చక్కగా ఉంది. దయచేసి మొత్తం విప్పెయ్యకు. తప్పున్నది ఆరు కుట్లలో, ఆ ఆరే విప్పుదాం.

ఆరు కుట్ల జడలో మొదటి మూడూ అదనపు సూది మీదికి తీసి ముందు వైపు పెడితే జడ ఎడమకి వాలుతుంది, వెనక పెడితే కుడికి. నువ్వు ముందు పెట్టాల్సింది వెనక పెట్టావు. వరసల లెక్క కూడా ఇప్పుడే సరిచూసుకో. తిప్పినచోట జడకీ పక్కనున్న ఉల్టా కుట్లకీ (బుడిపెల్లా కనబడేవి) మధ్య చిన్న సందుంటుంది. వెనక నుంచి వేలు పెట్టి సాగదీస్తే అడ్డంగా పోగులు కనబడతాయి, పోగుకొక వరస. ఆ సందు నుంచి సూది దాకా లెక్కపెట్టు.

ఇక పని. రెండువైపులా మొనలున్న సన్న సూదులు మూడు, ఒక క్రోషా సూది దగ్గర పెట్టుకో. సీదా వైపు, అంటే బయటికి కనబడే వైపు, అల్లుకుంటూ ఆ జడ దాకా వచ్చి ఆగు. ఆరు కుట్లనీ సూది మీంచి జార్చి, ఒక్కో వరసా విప్పుకుంటూ కిందికి దిగు. తప్పు తిప్పిన వరస కూడా ఊడాక ఆగి, ఆ ఆరింటినీ సన్న సూదికి ఎక్కించు. ప్రతి కుట్టుకీ కుడికాలు, అంటే ఆ ఉంగరంలో కుడివైపు పోగు, సూది ముందు ఉండాలి, లేకపోతే ఆ కుట్టు మెలిపడి అక్కడే బిగుసుకుంటుంది.

ఇప్పుడు జడ వెనక పోగులు వేలాడుతుంటాయి. అన్నిటికన్నా కిందిదే తిప్పే వరస పోగు, ముందు దాన్నే తీసుకో. పై పోగు పట్టుకున్నావంటే మళ్ళీ మొదటికొస్తుంది. మొదటి మూడు కుట్లూ ముందుకు పెట్టి, తర్వాతి మూడూ ఆ పోగుతో అల్లి, ఆపైన ముందు మూడూ అల్లు. వరస అయ్యాక కుట్లని సూది కుడి మొనకి జరిపి, పై పోగుతో మళ్ళీ కుడి నుంచే మొదలుపెట్టు. అన్నీ సీదా కుట్లే (నున్నగా కనబడేవి), ఎదురుగా నుంచి అల్లుతున్నావు కాబట్టి ఉల్టా అక్కర్లేదు. క్రోషాతో నిలువునా ఎక్కించుకోవచ్చు గానీ కుట్లు ఒకటి వదులు, ఒకటి బిగువు అవుతాయి. జారిపోయిన కుట్టు పట్టుకోవడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

ఎదురు తిరిగిన జడకి పోగు సరిగ్గా సరిపోతుంది. అసలు తిప్పడమే మర్చిపోయిన చోట మాత్రం చాలదు, ఎందుకంటే మామూలు వరస కన్నా తిప్పిన వరస ఎక్కువ ఊలు తింటుంది. అప్పుడు రెండు పక్కలా ఉల్టా కుట్ల నుంచి సూది మొనతో కొంచెం కొంచెం లాగి సర్దాలి.

స్వెటరంతా పూర్తయ్యాక తప్పు కనబడితే దారి వేరు. పైకి వచ్చిన మూడు కుట్లలో నడిమి దాన్ని కత్తిరించి, అటూ ఇటూ ఆ వరస ఊడదీస్తే కింద మూడు, పైన మూడు ఉంగరాలు మిగులుతాయి. వాటిని మిగతా మూడింటి వెనక్కి జరిపి, అదే ఊలు జానెడు తీసుకుని మొద్దుమొన సూదితో వరస కుదిరేలా కుట్టెయ్యి. అందుకే అల్లిక అయిపోయినా ఒక చిన్న ఉండ దాచుకోవాలి. చంక కింద ఉన్న తప్పుకి ఇంత శ్రమ వద్దంటాను, ఛాతీ మీద ఉంటే చెయ్యాల్సిందే.

సరిచేసిన చోటు మొదట వంకరగానే కనిపిస్తుంది, కంగారుపడకు. అసలు ఊలైతే గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, పిండకుండా తువాలులో చుట్టి నొక్కి, నీడన పరిచి ఆరబెట్టు. తీగ మీద వేస్తే తడి బరువుకి సాగుతుంది. మన డిసెంబరు పొడిగాలికి, ఫ్యాను కూడా వేస్తే తొందరగానే ఆరుతుంది. యాక్రిలిక్ అయితే నానబెట్టినా పెద్దగా సర్దుకోదు, సూదితో సర్దాల్సిందే. దాని మీద ఇస్త్రీ పెట్టె మాత్రం ఆనించకు, జడ అణిగిపోతే తిరిగి లేవదు.

మిగిలిన భాగానికి, జడ తిప్పే ప్రతి వరసకీ ముందు వరసలో కుట్లన్నిటి గుండా వేరే రంగు నూలు దారం ఒకటి దూర్చి వదిలెయ్యి. ఈసారి తప్పు పడి విప్పాల్సివస్తే, ఊడడం ఆ దారం దగ్గర ఆగుతుంది. కోఠీ వైపు వెళ్ళినప్పుడు రెండు వైపులా మొనలున్న సూదులు తెచ్చుకో, ఐదు లేకపోయినా మూడైనా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ