ఆ పేరా దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాను?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నా సబ్జెక్టు ఫిలాసఫీ, మతాల అధ్యయనం. ‘దేవుడుంటే లోకంలో ఇంత బాధ ఎందుకు’ అన్న ప్రశ్న మీద డిసర్టేషన్ రాస్తున్నాను. తాత్వికుడు విలియం రో వాదన మీద రాయాల్సిన మూడో అధ్యాయం రెండు నెలలుగా కదలడం లేదు. ఫైల్ తెరుస్తాను, అదే పేరా చదువుతాను, మూసేస్తాను. నాలో నమ్మకం పోయినట్టుంది. నాన్న ప్రార్థనకు పిలిస్తే వాదన పెట్టుకుంటున్నాను. మొన్న ఆయన ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయారు. నిరుడు నాయనమ్మ చాలా బాధపడి చనిపోయింది. నేను ఈ చదువు మానేయాలా?

జవాబు: మీ ఉత్తరమంతా చదువు గురించి, నమ్మకం గురించి, నాన్న గురించి ఉంది. నాయనమ్మ గురించి ఒక్క వాక్యమే ఉంది. నాకు మాత్రం అక్కడి నుంచే మొదలుపెట్టాలనిపిస్తోంది.

రో 1979లో రాసిన వ్యాసంలో ఒక జింకపిల్ల ఉంటుంది. అడవి తగలబడుతుంది, అది మంటల్లో చిక్కుకుని ఒళ్లంతా కాలి, రోజుల తరబడి విలవిల్లాడి చనిపోతుంది. చూసిన వాళ్లు ఎవరూ ఉండరు. ఈ బాధ వల్ల ఎవరికి ఏం మేలు జరిగింది అన్నదే ఆయన ప్రశ్న. మీరు తెరిచి మూసేస్తున్న పేరా ఇదేనని నా అనుమానం. దగ్గరి మనిషి బాధపడుతుంటే పక్కన కూర్చుని చూసిన వాళ్లకు అది ఉదాహరణగా కనిపించదమ్మా. మీకు చేతకాక ఆగిపోయారని అనుకోకండి. ఆ దుఃఖం ఇంకా తీరలేదు, అంతే.

వాదన వేరు, దుఃఖం వేరు అని తెలిసిన వాళ్లు మీ సబ్జెక్టులోనే ఉన్నారు. లోకంలో చెడు ఉండటం, సర్వశక్తిమంతుడూ పరమ దయామయుడూ అయిన దేవుడు ఉండటం తర్కానికి పొసగవని మ్యాకీ అనే తాత్వికుడు 1955లో అన్నాడు. దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇస్తే చెడుకూ చోటుండొచ్చని దానికి జవాబిచ్చిన ప్లాంటింగా, బాధలో ఉన్న మనిషికి తన వాదన ఓదార్పు కాదని, ఆ మనిషికి కావలసిన ఆసరా వేరని తనే ఒప్పుకున్నాడు. అంత పేరున్న తాత్వికుడే వాదనను పక్కన పెట్టాల్సిన చోటు ఉందన్నాడంటే, మీరూ కొన్నాళ్లు పెట్టొచ్చు.

చదువు మానొద్దు. అయితే మీరు దేవుడు ఉన్నాడో లేడో తేల్చి రాయాల్సిన పని లేదు. రో వాదనను ఆయన చెప్పినంత బలంగా చెప్పారా, ‘మనకు కారణం కనబడనంత మాత్రాన కారణమే లేదనగలమా’ అన్న ఎదురువాదానికి న్యాయం చేశారా అన్నదే దిద్దేవాళ్లు చూస్తారు. ఈ వారంలోనే గైడ్ దగ్గరికి వెళ్లి, ఇంట్లో మనిషి పోయిన విషయం దాచకుండా చెప్పండి. గడువు పొడిగించే వీలుందేమో అడగండి. మూడో అధ్యాయం వదిలి నాలుగోది ముందు రాసినా తప్పు లేదు. నిద్ర సరిగా పట్టకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా కాలేజీ కౌన్సెలర్‌ను కలవండి.

ఇక నాన్న. పోయింది ఆయన తల్లి. మీరు ఆ ప్రశ్నను పుస్తకాల్లోకి తీసుకెళ్లారు, ఆయన ప్రార్థనలోకి తీసుకెళ్లారు. ‘ఆ దేవుడు ఏం చేశాడు?’ అని మీరు క్లాసులో అన్నట్టే ఇంట్లోనూ అంటే, ఆయన చెవికి అది తల్లి ఆఖరి రోజుల మాటగానే వినిపిస్తుంది. అందుకే లేచి వెళ్లిపోయి ఉంటారు. నమ్మకం లేకపోయినా ఉన్నట్టు నటించమని నేను చెప్పను. మళ్లీ పిలిస్తే, ‘నాకిప్పుడు ప్రార్థన రావడం లేదు నాన్నా, నీ పక్కన ఊరికే కూర్చుంటాను’ అనండి. అయ్యాక, నాయనమ్మ తనని చిన్నప్పుడు ఎలా పెంచిందో చెప్పమని అడగండి.