ఫోన్‌తో పాటు సిమ్ కూడా పోతే ముందు ఏం చేయాలి?

నెల్లూరు నుంచి ఒంగోలు వస్తుంటే బస్సులో ఫోన్ పోయిందని, సిమ్ సంగతేంటని అడిగారు కదా. ఫోన్ కోసం వెతకడం తర్వాత, ముందు సిమ్ ఆపించండి. పక్కవాళ్ల ఫోన్ నుంచి మీ సిమ్ కంపెనీ కస్టమర్ కేర్‌కు కాల్ చేసి బ్లాక్ చేయమంటే చాలు. ఎందుకంటే దొంగ సిమ్ తీసి వేరే ఫోన్లో వేస్తే బ్యాంకు ఓటీపీలన్నీ వాడికే వెళ్తాయి, మీ ఫోన్‌కున్న లాక్ ఎందుకూ పనికిరాదు. బ్యాంకుకు కూడా చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బులు అప్పటికే పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

అదే నంబరుతో కొత్త సిమ్ కావాలంటే ఆధార్ తీసుకుని కంపెనీ స్టోర్‌కే వెళ్లండి, ట్రంకు రోడ్డులో గొడుగు కింద కూర్చునే వాళ్ల దగ్గరికి వద్దు. సిమ్ ఎవరి పేరు మీదుంటే వాళ్లే రావాలి. మన ఇళ్లల్లో సగం సిమ్‌లు నాన్న పేరు మీదే ఉంటాయి, అప్పుడు ఆయన్ని కావలి నుంచైనా సరే పిలిపించాల్సిందే. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. అది రూలే, సిమ్ పాడైందని టెన్షన్ పడి మళ్లీ షాపుకి పరుగెత్తకండి.

ఇక ఫోన్ విషయానికొస్తే, పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ సైట్‌లో ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే నంబరు, బ్లాక్ చేయండి. ఆ నంబరు ఫోన్ డబ్బా మీద ఉంటుంది, డబ్బా పారేసుంటే బిల్లు చూడండి.