ల్యాబ్ దాటి కంపెనీ పెట్టబోయే అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ల్యాబ్‌లో తయారైన వడపోత పొరతో కంపెనీ పెడతానని రాశావు. చాలా సంతోషం. వచ్చే నెల సదస్సులో దాని గురించి మాట్లాడతానని కూడా రాశావు చూడు, అది చదివి టెన్షన్ పడ్డాను. పేటెంట్ దరఖాస్తు వేసేదాకా ఆ వివరాలు ఎక్కడా బయటపెట్టకు తల్లీ.

అమెరికా శాస్త్రవేత్తలు కోహెన్, బోయర్‌ల సంగతి గుర్తుందా? డీఎన్ఏ ముక్కల్ని బ్యాక్టీరియాలో చేర్చే పద్ధతి మీద వాళ్ల పేపర్ 1973 నవంబరులో వచ్చింది. పేటెంట్‌కు దరఖాస్తు వేసింది 1974 నవంబరులో. వివరాలు బయటపెట్టాక కూడా దరఖాస్తుకు అమెరికా చట్టం ఏడాది గడువిస్తుంది కాబట్టి అక్కడ హక్కు దక్కింది, బయటి దేశాల్లో పోయింది. దక్కిన హక్కు మీదే లైసెన్సుల ద్వారా సుమారు 25 కోట్ల డాలర్లు వచ్చాయంటే, పోయింది ఎంతో ఆలోచించు.

కనిపెట్టింది నువ్వే అయినా హక్కు సాధారణంగా నువ్వు పనిచేసే సంస్థదే అవుతుంది, నీ కంపెనీ దాని దగ్గర లైసెన్సు తీసుకోవాలి. కొత్త కంపెనీ చేతిలో నగదు ఉండదు కాబట్టి లైసెన్సు ఫీజులో కొంత వాటాల రూపంలో తీసుకోమని అడుగు. గూగుల్ నుంచి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అలాగే తీసుకుంది. ఫలానా తేదీకి ఫలానా పని పూర్తిచేస్తామనే షరతుల్లో మాత్రం ఆశకొద్దీ తేదీలు వేయకు.

అసలు కష్టం కాగితాల్లో లేదమ్మా. నేను ఒకసారి ఒక పూత టెక్నాలజీకి లైసెన్సు తీసుకున్నాను. పేటెంటు, కొలతలు, ఫార్ములా అన్నీ ఇచ్చారు. మా దగ్గర పూత నిలవలేదు. నాలుగు నెలలు, బోలెడు సరుకు వృథా. చివరికి ఆ ల్యాబ్‌లో పనిచేసిన రీసెర్చ్ విద్యార్థిని పిలిపిస్తే, అతను ద్రావణాన్ని రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున వాడేవాడని తెలిసింది. అది రాయదగ్గ విషయమని అతనికి అనిపించలేదు, అంతే. ఆ రోజు నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఇలా రాయకుండా వదిలేసినవి ఇంకెన్ని ఉన్నాయోనని.

అందుకే, నీ నోట్సు ఇచ్చి ఆ పని బొత్తిగా తెలియని మనిషితో పొర చేయించు. నువ్వు పక్కన నిలబడు, నోరు మాత్రం మెదపకు. అతను ఆగిన ప్రతిచోటా నీ నోట్సులో ఏదో లోటు ఉన్నట్టే. మీ ల్యాబ్‌లో ఆ పొర పోసే మనిషిని కంపెనీలోకి తీసుకో, వాటా కూడా ఇవ్వు. బోయర్ లైసెన్సుతో ఊరుకోకుండా 1976లో జెనెన్‌టెక్ అనే కంపెనీ పెట్టడంలో తనే భాగమయ్యాడు. 1978కల్లా వాళ్లు బ్యాక్టీరియాతో మనిషి ఇన్సులిన్ తయారుచేశారు. అది అమ్మకానికి అనుమతి పొందేసరికి 1982 వచ్చింది. ఆ మధ్య కాలానికి సరిపడా డబ్బు, ఓపిక ముందే లెక్కవేసుకో.

లైసెన్సు ముసాయిదా చేతికి రాగానే నాకు పంపు. చదివి ఫోన్ చేస్తాను, అప్పటిదాకా సంతకం పెట్టకు.

నీ బాబాయి