స్క్రీనింగ్ మొదలుపెట్టే ముందు ఇది చదువుకో

అమ్ములూ,

ప్రెగ్నెన్సీ షుగర్ గైడ్‌లైన్ టీమ్‌లో నిన్ను తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషమేసింది. గైడ్‌లైన్ కోసం వెతికి తెచ్చిన పరిశోధన పేపర్లలో ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో చూసే పనికి, అదే స్క్రీనింగ్‌కి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అత్తా అని అడిగావు కదా, దానికి జవాబు చిన్నదే. టీమ్ దగ్గర డబ్బుల్లేకపోతే రయ్యాన్ తీసుకోండి, ఖతార్‌లో తయారైంది, ఫ్రీ వెర్షన్ ఉంది. ఇన్‌స్టిట్యూట్ డబ్బు కడతానంటే కోవిడెన్స్, కాక్రేన్ అనే సంస్థ కోసం ఒక ప్రశ్న మీద వచ్చిన స్టడీలన్నీ వెతికి రివ్యూలు చేసేవాళ్ళకి బాగా అలవాటైనది. ఏదైనా పర్లేదు. నేను పట్టుబట్టేది ఒక్కటే, నువ్వు వద్దని పక్కనపెట్టిన పేపర్‌ని ఎందుకు వద్దన్నావో రేపు ఎవరైనా వెతికితే దొరకాలి. పొరపాటున లోపలికొచ్చిన పేపర్ ఫుల్ టెక్స్ట్ చదివేటప్పుడు ఎలాగూ పట్టుబడుతుంది, పొరపాటున బయటికి పోయింది మాత్రం మళ్ళీ ఎవరి కంటా పడదు.

ముందు డూప్లికేట్ల సంగతి. పబ్‌మెడ్, ఎంబేస్, సెంట్రల్ అనే మూడు పేపర్ల డేటాబేసుల్లో వెతికితే ఒకే పేపర్ మూడుసార్లు వస్తుంది, సాఫ్ట్‌వేర్ చాలావరకు పట్టేస్తుంది కానీ డిలీట్ నొక్కే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఎన్ని తీసేశారో రాసిపెట్టుకో, ఎన్ని పేపర్లు దొరికాయో, ఎన్ని తీసేశారో చూపించే ప్రిస్మా 2020 ఫ్లో డయాగ్రమ్‌లో ఆ అంకె అడుగుతారు. ఇంకో చిక్కు ఏంటంటే ఒకే ట్రయల్ మీద నాలుగు పేపర్లు రాస్తారు, ఒకటి తల్లి గురించి, ఒకటి బిడ్డ బరువు గురించి, ఇంకోటి కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్ట్. ఇవి డూప్లికేట్లు కావు, తీసేయకూడదు, అలాగని నాలుగు స్టడీలుగా లెక్కేస్తే అవే పేషెంట్లని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టినట్టు. రిజిస్ట్రేషన్ నంబర్ చూసి కలుపు, మన దేశపు ట్రయల్స్‌కి సీటీఆర్ఐ, అంటే మన ట్రయల్స్ రిజిస్ట్రీ, నంబర్ ఉంటుంది.

తర్వాత, మీ గైడ్‌లైన్ జవాబు వెతికే ప్రశ్న. "ప్రెగ్నెన్సీలో షుగర్ స్క్రీనింగ్" అని వదిలేస్తే పేపర్లు చూసే ఇద్దరూ ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు చేస్తారు. మనదగ్గర డిప్సీ పద్ధతి ఉంది కదా, తిన్నారా లేదా అని చూడకుండా 75 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి 2 గంటలకి రక్తంలో షుగర్ 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందా చూస్తారు. దీన్ని పరగడుపున చేసే టెస్టుతో పోల్చిన స్టడీలే కావాలా, డిప్సీ ఒక్కటే చేసినవీ కావాలా? ముందే షుగర్ ఉన్నవాళ్ళని కలిపేసిన స్టడీ వస్తే ఏం చేస్తారు? ఇవన్నీ కాగితం మీద పెట్టాకే స్క్రీన్ తెరవండి. ముందు ఒక 50 అబ్‌స్ట్రాక్ట్‌లు ఇద్దరూ విడివిడిగా చూడండి, ఒకరి నిర్ణయం ఇంకొకరికి కనిపించకుండా చేసే బ్లైండ్ మోడ్ ఆన్‌లో ఉండాలి, పెద్ద ప్రొఫెసర్ ఏం నొక్కారో కనిపిస్తే చిన్నవాళ్ళ వేలు అటే పోతుంది, అది ఎవరి తప్పూ కాదు కానీ ఇద్దరు చూసిన లాభం పోతుంది. తేడాలొస్తే కంగారుపడకు తల్లీ, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే రూల్ సరిగ్గా రాయలేదని అర్థం. రూల్ సరిచేసి, ఆ 50 మళ్ళీ చూసి, అప్పుడు మిగతావాటికి వెళ్ళండి.

ఏఐ గురించి కూడా అడిగావు. వాడు, తప్పులేదు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్ళ ఏఎస్‌రివ్యూ అని ఓపెన్ సోర్స్‌ది ఉంది, నువ్వు అవును కాదు అంటుంటే నేర్చుకుని పనికొచ్చేలా ఉన్నవాటిని పైకి తెస్తుంది. కానీ ఎక్కడ ఆపాలో మీరే ముందుగా రాసుకోవాలి, విసుగొచ్చినచోట ఆపడం రూల్ కాదు. అది చదివేది టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే, కాబట్టి అబ్‌స్ట్రాక్ట్ లేని రికార్డులు కిందకి జారిపోయే ప్రమాదం ఉంది, వాటిని వేరే లేబుల్ వేసి చేత్తో చూడండి. మన ప్రాంతపు జర్నల్స్ కోసం ఆగ్నేయాసియా ప్రాంతపు వైద్య జర్నల్స్ డేటాబేస్ ఐఎంసియర్‌లో కూడా వెతకండి, పబ్‌మెడ్‌లో లేనివి అక్కడ దొరుకుతాయి.

ఫుల్ టెక్స్ట్ దగ్గర తీసేసే ప్రతిదానికీ ఒక కారణం, ఒక్కటే. లిస్టు ముందే చేసుకోండి, జనాభా వేరు, పోలిక లేదు, కావాల్సిన ఫలితం లేదు, ఇలాగ. "రెలెవెంట్ కాదు" అని రాయనివ్వకు, అది కారణం కాదు.

రిట్రాక్షన్లు, అంటే ప్రచురించాక జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్లు, చూడటం మర్చిపోవద్దు. 2020 జూన్‌లో లాన్సెట్ హైడ్రాక్సీక్లోరోక్విన్ పేపర్ వెనక్కి తీసుకున్న సంగతి తెలుసుగా, అలాంటిది మీ టేబుల్‌లో ఉండిపోతే రికమెండేషన్ పట్టుకుని మందు రాసే డాక్టర్‌కి తెలిసే దారే లేదు. పేపర్ల వివరాలు దాచుకునే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో పెడితే రిట్రాక్ట్ అయినవాటికి ఎర్రగా వార్నింగ్ చూపిస్తుంది, స్క్రీనింగప్పుడు ఒకసారి, పబ్లిష్ చేసేముందు ఇంకోసారి చూడు.

ప్రతి వారం మొత్తం ఆర్ఐఎస్ ఫైల్‌గా, అంటే వేరే సాఫ్ట్‌వేర్లు కూడా తెరవగలిగే పేపర్ల జాబితాగా, ఎక్స్‌పోర్ట్ చేసి, నిర్ణయాలూ కారణాలూ కూడా వచ్చాయో లేదో తెరిచి చూసి, టీమ్ డ్రైవ్‌లో పెట్టు. లైసెన్స్ అయిపోయినా, నువ్వు వేరే ఊరు వెళ్ళిపోయినా, రెండేళ్ళకి గైడ్‌లైన్ అప్‌డేట్ చేసేవాళ్ళు మొదటినుంచి మొదలుపెట్టకూడదు.

రూల్స్ కాగితం రాయగానే నాకు పంపు, డ్యూటీ అయ్యాక చూసి ఫోన్ చేస్తాను.

నీ అత్త